హిరొసాకి కోట ఉద్యానం: ఏ రుతువులో వెళితే ఏం దక్కుతుంది

సాకురా (చెర్రీ) పూలు చూడాలని జపాన్ వచ్చే మనవాళ్లలో చాలామంది మార్చి ఆఖరున టోక్యో, క్యోటో చూసుకుని తిరిగి వెళ్లిపోతారు. అక్కడి పూలు రాలిన కొన్ని వారాలకు, హోన్షూ ద్వీపం ఉత్తర కొసన ఉన్న అవొమొరి ప్రాంతంలో హిరొసాకి కోట ఉద్యానం పూతకు వస్తుంది. ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నందువల్ల ఆ ఊరికి వేర్వేరు రుతువుల్లో వెళ్లే వీలు నాకు చిక్కింది. అందరూ ఎగబడే ఏప్రిల్ చివరి వారమే అన్నిటికన్నా మంచి సమయమా అని అడిగితే, పూల మట్టుకు అవుననీ, ప్రయాణం, బస, తీరిక కలిపి చూస్తే కాదనీ చెబుతాను.

టోక్యో నుంచి హయబుసా అనే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో షిన్-అవొమొరి చేరడానికి మూడు గంటల పైచిలుకు, అక్కడి నుంచి మామూలు రైలులో మరో 40 నిమిషాలు పడుతుంది. హయబుసాలో అన్నీ రిజర్వేషన్ సీట్లే. నెల రోజుల ముందు ఉదయం 10 గంటలకు బుకింగ్ మొదలవుతుంది కాబట్టి, పూల కాలంలో వెళ్లేవారు ఆ రోజునే టికెట్ తీసుకోవడం క్షేమం. హిరొసాకి స్టేషన్ నుంచి ఉద్యానానికి నడిచి వెళితే అరగంట పడుతుంది. ఊరి మధ్యగా తిరిగే బస్సు కూడా ఉంది.

ఈ కోటను 1611లో త్సుగారు వంశానికి చెందిన రెండవ ప్రభువు నొబుహిరా పూర్తి చేశాడు. ఐదంతస్తుల ప్రధాన బురుజు 1627లో పిడుగుపాటుకు కాలిపోగా, రెండు శతాబ్దాలకు దగ్గరగా దాని చోటు ఖాళీగానే ఉండిపోయింది. ఇప్పుడు మనం చూసే మూడంతస్తుల బురుజు 1810 నాటిది. చలికి మట్టి పెంకులు పగిలిపోతాయని దాని పైకప్పుకు రాగి పలకలు కప్పారు. ఒసాకా కోటలోనో, నగోయా కోటలోనో ఉన్న కాంక్రీటు కట్టడాన్ని చూసి వచ్చినవారికి ఇది చిన్నదిగా తోచవచ్చు గానీ, ఇది పాత కొయ్య కట్టడం. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు పైకి ఎక్కకపోవడమే మేలు. దాని కింది రాతిగోడ ముందుకు ఉబ్బడంతో, సుమారు 400 టన్నుల బురుజును విప్పకుండా ఉన్నపళంగా ఎత్తి, 2015లో 70 మీటర్లకు పైగా దూరం జరిపి కోట నడిబొడ్డున నిలిపారు. రాతిగోడ పని ముగిశాక తిరిగి పాత చోటికే చేర్చాలన్నది ప్రణాళిక. కాబట్టి ఎర్రని గెజోబాషి వంతెన వెనుక బురుజు కనిపించే ప్రసిద్ధమైన ఫోటో మీద ఆశ పెట్టుకున్నవారు, ఇప్పుడు అది ఎక్కడ ఉందో, లోపలికి పోనిస్తున్నారో లేదో ముందుగా విచారించుకోవాలి. జరిపిన చోట ఉండగా చూసిన నాకు మాత్రం నష్టమేమీ అనిపించలేదు: 1625 మీటర్ల ఇవాకి పర్వతం, బురుజు ఒకే చూపులో అందాయి.

ఇక వసంతం. ఉద్యానంలో 50కి పైగా రకాల సాకురా చెట్లు సుమారు 2600 ఉన్నాయి. 1882లో నాటిన సొమెయ్ యొషినొ చెట్టు ఒకటి ఈనాటికీ పూస్తోంది. ఈ రకం సాధారణంగా 60, 70 ఏళ్లకు మించి బతకదని అంటారు, ఇక్కడ మాత్రం వందేళ్లు దాటినవి వందల్లో ఉన్నాయి. కారణం ఆపిల్ రైతులు. అవొమొరి జపాన్‌లో అత్యధికంగా ఆపిల్ పండించే ప్రాంతం. సాకురా కొమ్మను నరికేవాడు మూర్ఖుడని జపాన్‌లో సామెత ఉన్నా, ఇక్కడి తోటమాలులు ఆపిల్ చెట్టును కత్తిరించే పద్ధతినే సాకురాకు వర్తింపజేశారు. దాని ఫలితం దగ్గరికి వెళితే తెలుస్తుంది: ఒక్కో మొగ్గ నుంచి మామూలుగా మూడు నాలుగు పూలు వస్తే, ఇక్కడ ఐదేసి పూల గుత్తులు కనబడతాయి, కొమ్మలు చేతికందేంత కిందికి వంగి ఉంటాయి.

నా మటుకు నాకు నిండు పూత కన్నా అది దాటిన మూడు నాలుగు రోజులే ఎక్కువ నచ్చాయి. రాలిన రేకులు బయటి కందకంలో నీటి మీద ఒత్తుగా పరుచుకుని, నీరే కనబడకుండా పోతుంది. బాతు ఒకటి ఈదుకుంటూ వెళితే దాని వెనుక సన్నని నల్లని గీత ఏర్పడి, నిమిషంలో మళ్లీ పూడుకుపోతుంది. తెల్లవారుజామున వెళితే గట్టు మీద నిలబడడానికి చోటు దొరుకుతుంది. తొమ్మిది దాటితే జనమే జనం. పడమటి కందకంలో అద్దె పడవల కోసం బారులు తీరి ఉంటారు. రాత్రి దీపాలు బాగుంటాయి కానీ చలి గట్టిగా ఉంటుంది. మే నెల దగ్గరపడిందని పల్చటి బట్టలతో వెళ్లకూడదు.

బస విషయంలో వసంతం జేబుకు భారమే. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా సెలవుల వరుస పూతతో కలిసివస్తే గది దొరకడమే గగనం. స్టేషన్ దగ్గరి ఒక హోటల్ శరదృతువులో తీసుకున్న అద్దెకు దాదాపు మూడు రెట్లు వసూలు చేసి, సూట్‌కేసు తెరవడానికి కూడా చోటులేని గది ఇచ్చింది. పూల కాలంలో అవొమొరి నగరంలో బస చేసి, పొద్దున్నే మొదటి రైళ్లలో రావడం నయం.

వేసవిలో ఉద్యానం కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఆగస్టు 1 నుంచి 7 వరకు వీధుల్లో విసనకర్ర ఆకారపు నెపుత దీపరథాలను ఊరేగిస్తారు, వెళితే వాటికోసం వెళ్లాలి.

అమ్మానాన్నలను తీసుకువెళ్లింది అక్టోబరు చివరిలో. తీరికగా నడవాలనుకునే పెద్దలకు అదే సరైన కాలమని నా అభిప్రాయం. మేపుల్ ఆకులతో పాటు సాకురా ఆకులు కూడా ఎర్రబడతాయి, చామంతుల ఉత్సవం జరుగుతూ ఉంటుంది, బెంచీలు ఖాళీగా ఉంటాయి. కోట లోపలి ఆవరణకు నేను చెల్లించింది 320 యెన్లు. వృక్షోద్యానం, పక్కనున్న ఫుజిత స్మారక తోట కూడా చూడాలనుకుంటే మూడింటికీ కలిపి ఇచ్చే టికెట్ లాభం. ఫుజిత తోటలోని పాతకాలపు టీ గదిలో నాన్న ఆపిల్ పై రెండోసారి అడిగి తెప్పించుకున్నారు. ఊళ్లో ఏ దుకాణంలో ఎలాంటి ఆపిల్ పై దొరుకుతుందో చూపే మ్యాపు కూడా పర్యాటక సమాచార కేంద్రంలో ఇస్తారు.

శాకాహారులకు అసలు చిక్కు భోజనం దగ్గర వస్తుంది. కూరగాయల సూపులో కూడా చేపల రసం ఉంటుంది. హోటల్ సిబ్బంది మర్యాదగా, ఓపిగ్గా విన్నారు గానీ చివరికి అన్నం, టోఫు, ఊరగాయ మించి ఇవ్వలేకపోయారు. వెంట తీసుకెళ్లిన పులిహోర పొడి, కందిపొడి ఆదుకున్నాయి.

చలికాలంలో బురుజు మూసి ఉంటుంది, లోపలి ఆవరణకు రుసుము ఉండదు. ఫిబ్రవరిలో మంచుతో చేసిన లాంతర్లు ఉద్యానమంతా వెలుగుతాయి. ఓతెమోన్ ద్వారం దగ్గర మంచు పట్టిన సాకురా కొమ్మల మీద గులాబీరంగు దీపాలు వేస్తారు. దూరం నుంచి చూస్తే పూసినట్టే ఉంటుంది, నాకు కాస్త కృత్రిమంగా అనిపించింది. అంతకన్నా, మోకాలి లోతు మంచులో నిచ్చెనలు వేసి తోటమాలులు కొమ్మలు కత్తిరించడం, కోసిన చోట మందు పూయడం ఎక్కువసేపు నిలబడి చూశాను. ఆ కాలంలో గదులు సగం ధరకే దొరికాయి, స్టేషన్ లాకర్లు ఖాళీగా ఉన్నాయి. కందకం గట్ల మీద మంచు గడ్డకట్టి జారుతుంది కాబట్టి, మామూలు స్పోర్ట్స్ బూట్లతో కాక, జారకుండా పట్టు ఉండే అడుగుతో చేసిన బూట్లతో వెళ్లాలి.