పొడెస్టా మెయిళ్లు: వికీలీక్స్ సెర్చ్ పేజీ ఎంతవరకు పనికొస్తుంది?

2016 అమెరికా ఎన్నికల మాట వచ్చి, ఎవరైనా "ఆ మెయిల్సే హిల్లరీ కొంప ముంచాయి" అంటే ముందు "ఏ మెయిల్స్?" అని అడగాలి. ఎందుకంటే రహస్య పత్రాలను బయటపెట్టే వికీలీక్స్ సైటులోనే క్లింటన్ పేరుతో ముడిపడిన మెయిళ్ల గంపలు మూడున్నాయి.

మొదటిది 2016 మార్చి 16న పెట్టింది. ఆమె విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు ఇంట్లో పెట్టుకున్న సొంత సర్వర్ తాలూకు మెయిళ్లు, అటాచ్‌మెంట్లు కలిపి 30,322. అవి ఎవరూ దొంగిలించినవి కావు, అక్కడి సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వమే బయటపెట్టినవి. రెండోది జూలై 22న వచ్చింది: డెమొక్రాటిక్ జాతీయ కమిటీలో ఏడుగురు ముఖ్య ఉద్యోగుల ఖాతాల నుంచి 19,252 మెయిళ్లు. మూడోది అక్టోబర్ 7న మొదలై పోలింగ్ దాటేదాకా విడతలు విడతలుగా వదిలింది, క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టా సొంత జీమెయిల్. 50 వేలకు పైమాటే. ఈ చివరి రెండూ దొంగసొత్తు. రష్యా సైనిక గూఢచారి సంస్థకు చెందిన 12 మంది అధికారులపై 2018 జూలై 13న అమెరికాలో అభియోగాలు నమోదైంది ఈ చోరీలకే.

ఇవి చాలవన్నట్టు అక్టోబర్ 28న ఎఫ్‌బీఐ డైరెక్టర్ కోమీ లేఖతో నాలుగో మెయిళ్ల కథ వచ్చి కలిసింది. అది ఒక మాజీ కాంగ్రెస్ సభ్యుడి ల్యాప్‌టాప్‌లో దొరికిన మెయిళ్ల సంగతి, వికీలీక్స్‌కు సంబంధమే లేదు. అసలు ఆ ఏడాది వేసవిలోనే గాలప్ సర్వేవాళ్లు "క్లింటన్ గురించి ఈమధ్య ఏం విన్నారు?" అని జనాన్ని అడిగితే అందరికన్నా ముందు నిలిచిన మాట "ఈమెయిల్". ఏ మెయిలో విడదీసి చెప్పే ఓపిక ఎవరికీ లేదు. సైటులో కూడా ఈ మూడు గంపలూ ఒకే తరహా పేజీలతో, ఒకే తరహా సెర్చ్ పెట్టెతో ఉంటాయి. గూగుల్ నుంచి నేరుగా ఒక మెయిల్‌కు చేరినవాళ్లు పైన ఏ పేరుందో చూసుకోకపోతే ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని దొంగ మెయిల్ అనుకుంటారు, దొంగ మెయిల్‌ని సర్వర్ కేసు అనుకుంటారు.

ఇక్కడ చూస్తున్నది మూడో గంపని.

వెతకడం వరకు దీనికి వంక పెట్టలేం. మాట, సబ్జెక్ట్, పంపినవారు, అందుకున్నవారు, తేదీల మధ్య, అటాచ్‌మెంట్ పేరు, ఇలా దేన్నైనా పట్టుకుని వెతకొచ్చు. ప్రతి మెయిల్‌కూ ఒక నంబర్ ఉంటుంది, అది అడ్రస్‌లోనే కనిపిస్తుంది. ఎవరికైనా చూపించాలంటే స్క్రీన్‌షాట్ కన్నా ఆ నంబర్ ఇవ్వడం మేలు. రెండు మూడు మాటలు కలిసి ఒకేచోట రావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి, లేకపోతే విడివిడి మాటలున్న వందల మెయిళ్లు వచ్చి పడతాయి. అటాచ్‌మెంట్లు మాత్రం విడిగా తెరిచి చదవాలి. క్లింటన్ డబ్బు తీసుకుని చేసిన ప్రసంగాల్లో ఇబ్బంది పెట్టే ముక్కలన్నీ ఏరి కూర్చిన 80 పేజీల పత్రం 2016 జనవరి 25 నాటి ఒక మెయిల్‌కు అటాచ్‌మెంట్‌గానే ఉంది. "పైకి ఒక వైఖరి, లోపల ఒక వైఖరి ఉండాలి" అన్న మాట దొరికింది అందులోనే. అది బయటపడి రెండు రోజులు తిరక్కుండానే డిబేట్‌లో ఆమెను ఆ మాట మీదే నిలదీశారు.

గాలివార్తను పట్టుకోవడానికి కూడా ఈ పెట్టె బాగా పనికొచ్చింది. క్లింటన్ ఓటర్లను "బకెట్ ఆఫ్ లూజర్స్" అని తిట్టిందంటూ అదే అక్టోబర్‌లో ఒక ప్రసంగ పాఠం చక్కర్లు కొట్టింది, టీవీ దాకా ఎక్కింది. అది రియల్ ట్రూ న్యూస్ అనే ఉత్తుత్తి వార్తల సైటు అల్లిన కథ. సెర్చ్ పెట్టెలో కొటేషన్ల మధ్య ఆ మూడు మాటలు వేసి, ఆ ప్రసంగాల పత్రం ఒకసారి తిరగేస్తే పది నిమిషాల్లో తేలిపోయేది.

ఇక అసలైన భాగం, మెయిల్ నిజమైనదా కాదా తేల్చడం. మెయిల్ పేజీలో రా సోర్స్, అంటే హెడర్లతో సహా మెయిల్ అసలు రూపం, దించుకునే వీలుంది. ఈ సైటుకు ఎక్కువ మార్కులు పడాల్సింది ఇక్కడే. కొన్ని మెయిళ్ల పైన "గూగుల్ డీకిమ్ 2048 బిట్ కీతో సరిపోయింది" అని కూడా రాసి ఉంటుంది. డీకిమ్ అంటే మెయిల్ దారిలో మారలేదని చూపే డిజిటల్ సంతకం. ఆ రాత నమ్మి ఊరుకోనక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు.

పంపే సర్వర్, అంటే జీమెయిలో హిల్లరీ ప్రచార సంఘం డొమైనో, మెయిల్ గడప దాటేటప్పుడు లోపలి పాఠానికి ఒక హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి చిన్న కోడ్, తీస్తుంది. దాన్ని ఫ్రమ్, సబ్జెక్ట్, డేట్ లాంటి హెడర్లతో కలిపి తన రహస్య కీతో సంతకం పెడుతుంది. జత కీ డీఎన్ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ చిరునామాల పట్టికలో, అందరికీ కనిపిస్తుంది. లోపల ఒక్క మాట మార్చినా హ్యాష్ తప్పుతుంది, అటాచ్‌మెంట్‌ని ముట్టుకున్నా అంతే. చేయాల్సిందల్లా ఫైలును ఉన్నదున్నట్టు దించుకుని థండర్‌బర్డ్‌లో డీకిమ్ వెరిఫయర్ యాడ్-ఆన్ పెట్టుకుని తెరవడం. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు పైథాన్‌లో డీకిమ్‌పై (dkimpy) అనే ప్రోగ్రామ్ ఉంది. బ్రౌజర్‌లోంచి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి మాత్రం పరీక్షించకండి. వరసలు విరిగి, ఎన్‌కోడింగ్ మారి, అసలు మెయిల్ కూడా ఫెయిల్ అవుతుంది.

ఫెయిల్ అయితే నకిలీ అని అర్థం కాదు. కొత్తవాళ్లందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే.

మెయిలింగ్ లిస్టు గుండా వచ్చిన మెయిల్‌కి అడుగున ఒక ఫుటర్ తగులుతుంది, సంతకం చెడుతుంది. ఆ రోజుల్లో జీమెయిల్ వాడిన సెలెక్టర్, అంటే ఏ కీతో సంతకం పెట్టారో చెప్పే పేరు, 20120113. డీఎన్ఎస్‌లో ఆ కీ దొరక్కపోతే పరికరం చేతులెత్తేస్తుంది, అప్పుడు పాత కీ దాచినవాళ్ల దగ్గర తెచ్చుకోవాలి. ఎక్స్-గూగుల్-డీకిమ్-సిగ్నేచర్ అని ఇంకో హెడర్ కనిపిస్తుంది. అది గూగుల్ సొంత వాడకానిది, దాన్ని చూసి సంబరపడకండి. "డీకిమ్ పాస్" అని రాసిన ఆథెంటికేషన్-రిజల్ట్స్ వరస కూడా ఉత్త రాతే, ఎవరైనా టైపు చేయొచ్చు. సంతకాన్ని మళ్లీ లెక్కకట్టి చూస్తేనే రుజువు.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఒకటుంది. సంతకం పడేది మెయిల్ బయటికి వెళ్లేటప్పుడు. సెంట్ ఫోల్డర్‌లో మిగిలే కాపీ మీద అది ఉండదు. గంప పొడెస్టాది కాబట్టి, ఆయన స్వయంగా రాసిన మాటలకే సంతకం లేకుండా పోయింది! అవతలివాళ్ల జవాబులో కింద ఆయన మాటలు అతుక్కుని ఉంటే, ఆ జవాబు మీద అవతలి సర్వర్ సంతకం ఉంటుంది. అది కొంత ఊతం, పూర్తి రుజువు కాదు.

డోనా బ్రజీల్ మెయిల్ దగ్గర ఈ పరీక్ష బాగా అక్కరకొచ్చింది. సీఎన్ఎన్‌లో వ్యాఖ్యాతగా ఉంటూ, 2016 మార్చి 12న, మర్నాటి టౌన్‌హాల్‌లో (ఓటర్లతో ప్రశ్నోత్తరాల సభ) రాబోయే మరణశిక్ష ప్రశ్నను ప్రచారం వాళ్లకు ముందే పంపింది. సబ్జెక్టే "అప్పుడప్పుడు నాకు ప్రశ్నలు ముందే అందుతాయి" అని. ఆ మెయిళ్లను మార్చి ఉంటారేమో అన్న మాట గట్టిగా వినిపించింది. భద్రతా పరిశోధకుడు రాబర్ట్ గ్రాహం పైన చెప్పిన పద్ధతిలోనే దానికొచ్చిన జవాబును పరీక్షించి, సంతకం సరిపోయిందని చూపించాడు. ఆమె రాజీనామాను ఆమోదించామని సీఎన్ఎన్ అక్టోబర్ 31న చెప్పింది.

ఇంత పక్కాగా ఉన్నా పేజీ ఇవ్వలేనిది ఒకటుంది: ఎవరి మాట ఎవరిది అన్నది. అక్టోబర్ 10న పెన్సిల్వేనియాలోని విల్క్స్-బారీ సభలో ట్రంప్ "ఐ లవ్ వికీలీక్స్" అన్నాడు. అదే సభలో ఒక కాగితం తీసి, లిబియాలో అమెరికా దౌత్య కార్యాలయంపై 2012లో జరిగిన బెంఘాజీ దాడిని ఆపగలిగి ఉండేవాళ్లమని క్లింటన్ సన్నిహితుడు సిడ్నీ బ్లూమెంతాలే ఒప్పుకున్నాడంటూ చదివాడు. నిజానికి అవి బ్లూమెంతాల్ మాటలు కావు. కర్ట్ ఐకెన్‌వాల్డ్ న్యూస్‌వీక్‌లో రాసిన పెద్ద వ్యాసాన్ని బ్లూమెంతాల్ మెయిల్‌లో పంపాడు, అందులోంచి ఒక ముక్క అది. ఆ మెయిల్‌ని డీకిమ్‌తో పరీక్షించినా ఈ తప్పు తేలదు. సర్వర్ సంతకం పెట్టేది బ్లూమెంతాల్ పంపిన మొత్తానికి, అందులో వ్యాసం ఎవరిదో దానికి పట్టదు. ఫ్రమ్ దగ్గరున్న పేరు చూసి ఆగకుండా, పేరా మధ్యలోంచి ఒక వాక్యం తీసుకుని గూగుల్‌లో వేసి చూడటం ఒక్కటే దీనికి మందు.

రెండో లోటు, చెత్తకూ బంగారానికీ ఒకే బరువు. పొడెస్టాకు వంట బాగా వచ్చు. రిసోట్టో అనే ఇటాలియన్ అన్నంలో స్టాక్ (ఉడికించి తీసిన రసం) ఒకేసారి పోయక పావు కప్పో అర కప్పో చొప్పున ఎందుకు పోయాలని ఒకతను అడిగితే, మెల్లగా పోస్తూ కలిపితేనే బియ్యం గంజి వదిలి చిక్కబడుతుందని జవాబిచ్చాడు. సరైన సలహానే. జనం దాన్ని సరదాగా పంచుకున్నారు. అదే గంపలో పిజ్జా, చీజ్, పాస్తా అన్న మాటలున్న మెయిళ్లు పట్టుకుని ఇవన్నీ పిల్లల అక్రమ రవాణాకు కోడ్ పదాలని చిలవలు పలవలు అల్లినవాళ్లూ ఉన్నారు. తిండి మాట వేసి వెతికితే తిండి మెయిళ్లే వస్తాయి, 50 వేల మెయిళ్లలో ఏ మాటకైనా ఒక దొంతర దొరుకుతుంది. ఆ పిచ్చి ముదిరి 2016 డిసెంబర్ 4న ఆ రవాణా జరిగేది ఇక్కడేనని పుకారు పుట్టించిన, వాషింగ్టన్‌లోని కామెట్ పింగ్ పాంగ్ అనే పిజ్జా హోటల్లో ఒకడు తుపాకీ పేల్చాడు. ఎవరికీ తగల్లేదు. అతనికి నాలుగేళ్ల జైలు పడింది.

మూడో లోటు క్షమించరానిది: వడకట్టకపోవడం. జూలై గంపలో పార్టీకి చందాలిచ్చిన మామూలు మనుషుల క్రెడిట్ కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు అలాగే వదిలేశారు. పొడెస్టా మెయిళ్లలో ఆయన పాస్‌వర్డ్ ఒకటి బయటపడింది, అక్టోబర్ 12న ఆయన ట్విటర్ ఖాతా వేరేవాళ్ల చేతికి పోయి "ట్రంప్‌కి ఓటెయ్యండి" అని కూసింది. ఎలాంటి వెతుకులాటకైనా ఆ నంబర్లు అక్కర్లేదు. ఒక్క నల్ల గీత కొడితే పోయేదానికి కొట్టలేదు.

జనస్పందన విషయంలో సైటు చేసిన అసలు పని వడ్డన. జూలై గంపను ఒక్కసారిగా కుమ్మరించారు. ఫిలడెల్ఫియాలో పార్టీ మహాసభ 25న మొదలవుతుందనగా 22న వదలడంతో, పార్టీ అభ్యర్థిత్వానికి క్లింటన్‌తో పోటీపడిన శాండర్స్ వర్గం, పార్టీ ఉద్యోగులు తమవాడి మీద పక్షపాతం చూపారని మండిపడింది. 24న పార్టీ అధ్యక్షురాలు డెబ్బీ వాసర్‌మన్ షుల్ట్జ్ తప్పుకుంటానని ప్రకటించింది, మర్నాడు సొంత ఫ్లోరిడా ప్రతినిధుల అల్పాహార సమావేశంలోనే ఆమెను కేకలతో ఎగతాళి చేశారు. అంతా నాలుగు రోజుల్లో. శాండర్స్ మతవిశ్వాసాన్ని ఎత్తిచూపుదామన్న మెయిల్ మే 5 నాటిది, అప్పటికే ఆయన బాగా వెనకబడ్డాడు. తేదీ పెట్టెలో వేసి చూసినవాళ్లకు తెలుస్తుంది, కానీ ఆ కోపంలో తేదీలు చూసిందెవరు?

పొడెస్టా మెయిళ్లను మాత్రం టీవీ సీరియల్‌లా నడిపారు. మొదటి విడత, ట్రంప్ ఆడవాళ్ల గురించి వాగిన పాత వీడియో బయటికొచ్చిన గంటలోపే పడింది. అక్కడి నుంచి దాదాపు రోజుకో విడత. పత్రికలు ఒకటి చదివేలోపు ఇంకోటి. ఏ ఒక్క మెయిలూ పిడుగు కాదు. "మెయిల్స్" అన్న మాట మాత్రం నెలంతా పతాక శీర్షికల నుంచి దిగలేదు.

పక్కన పెట్టి చూడటానికి ఫ్రాన్స్ ఉంది. 2017 మే 5 రాత్రి, ప్రచార గడువు ముగియబోతుండగా, మాక్రాన్ బృందం మెయిళ్లు 9 గిగాబైట్లు పడ్డాయి. ముందు సెర్చ్ పెట్టె లేదు, చదివే వ్యవధి లేదు, ప్రచురించొద్దని ఎన్నికల సంఘం పత్రికలను కోరింది. రెండు రోజులకే మాక్రాన్ 66 శాతం ఓట్లతో గెలిచాడు. 2024లో ట్రంప్ ప్రచారం నుంచి కాజేసిన పత్రాలు అందినా పెద్ద పత్రికలు మూడు వాటిని యథాతథంగా అచ్చు వేయలేదు. సరుకు ఉన్నంతమాత్రాన స్పందన రాదు, అంగడి తెరవాలి. వికీలీక్స్ ఆ అంగడి తెరవడంలో ఆరితేరింది.

చరిత్ర రాసేవాళ్లకు, జర్నలిజం చదివేవాళ్లకు, హెడర్లు చదవడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇది అయిదింట నాలుగు చుక్కల సరుకు. వాట్సాప్ గ్రూపులో వాదన గెలవడానికి వాడేవాళ్లకు ఒకటిన్నర. పేజీ ఎప్పుడైనా తెరుచుకోకపోతే మెయిల్ నంబర్‌తో ఉన్న పూర్తి అడ్రస్‌ని, పాత వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడండి.

మొదలుపెట్టడానికి ఒక మెయిల్ చెబుతాం. సబ్జెక్ట్ పెట్టెలో "సమ్‌వన్ హ్యాజ్ యువర్ పాస్‌వర్డ్" అని ఇంగ్లిష్‌లో వేసి, తేదీ 2016 మార్చి 19 చుట్టూ పెట్టండి. గూగుల్ పంపినట్టే ఉంటుంది, ఉక్రెయిన్ నుంచి ఎవరో మీ ఖాతాలోకి రాబోయారని, పాస్‌వర్డ్ మార్చుకోమని. నొక్కాల్సిన చోట, అసలు చిరునామా కనపడకుండా కుదించే బిట్లీ లింకు. దాని పైనే ప్రచారంలోని ఐటీ సహాయకుడి జవాబు: "ఇది అసలైన మెయిలే, జాన్ వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోవాలి." "అసలైనది కాదు" అని రాయబోయానని అతను తర్వాత చెప్పుకున్నాడు. అదే జవాబులో గూగుల్ నిజమైన లింకు ఇచ్చాడు, రెండంచెల తాళం పెట్టించమనీ రాశాడు. నొక్కింది మాత్రం కింద ఉన్న లింకు. గంప మొత్తం బయటికొచ్చిన తలుపు అది, గంపలోనే ఉంది.