ఆ ‘100% వీగన్’ స్టిక్కర్ పీకి చూడండి, తర్వాతే డబ్బులు కట్టండి

ఎవరి గురించో పేరు పెట్టి చెప్పనక్కర్లేదు. మన నల్లగొండ బేకింగ్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి పొద్దున లేస్తే బేకింగ్ సామాన్లు అమ్మే ఆవిడ లైవే. “సిస్టర్స్, ఈరోజు ఒక్కరోజే ఆఫర్” అంటుంది, ఆ ఆఫర్ నెలంతా ఉంటుంది. అందులోదే నేను తీసుకున్న వీగన్ కాంబో, అంటే పాలు, గుడ్లు లాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ లేనిదన్నమాట. ఫ్రోజెన్ విప్పింగ్ క్రీమ్, గుడ్డు బదులు వాడే పొడి, హ్యాండ్ బీటర్. మొత్తం 3,200 రూపాయలు, ముందే ఫోన్‌పే. బిల్లు అడిగితే “మన దగ్గర బిల్లులేంది సిస్టర్” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆవిడ ఒక్కతే నవ్వుతోంది.

బీటర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు గిలక్కొడితే గుడ్డు తెల్లసొనలాగే నురగ వస్తుంది కదా, దానికి బీటర్ కాసేపు ఆగకుండా తిరగాలి. ఇది నురగ రాకముందే కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. తిప్పి చూస్తే వాట్లు లేవు, కంపెనీ పేరు లేదు, ఎన్ని నిమిషాలు నడపొచ్చో లేదు. “మీరు ఎక్కువ తిప్పిన్రు” అంది. తిప్పడానికే కదమ్మా కొన్నది! సరే, పోతే పోయిందనుకున్నా. నా కోపం దాని గురించి కాదు.

క్రీమ్ గురించి.

మా చెల్లెలి కూతురికి పాలు పడవు. కడుపుబ్బరం లాంటిది అనుకునేరు, కాదు, అలర్జీ. చెంచా పెరుగు నోట్లోకి పోయినా పెదాలు వాచి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పాలలో ఉండే ప్రొటీన్లే పడవు కాబట్టి లాక్టోస్ (పాలలో ఉండే చక్కెర) ఫ్రీ పాలు తెచ్చినా లాభం లేదు. అందుకే దాని పుట్టినరోజు కేకు నేనే చేస్తాను. పాలమూరు పల్లీలు నానబెట్టి, మిక్సీ పట్టి, వడకట్టి, ఆ పాలలో చెంచా వెనిగర్ వేస్తాను. పిండిలో వంటసోడా ఎలాగూ ఉంటుంది, గుడ్డు లేకుండానే పొంగుతుంది. మన బత్తాయి రసం, పైన కాస్త తొక్క తురుము పడితే వాసనకే పిల్లలు వంటింట్లోకి వచ్చేస్తారు. బయట కొన్నది ఆ ఒక్క క్రీమే.

డబ్బా కరగడానికి ఫ్రీజర్లోంచి కింద అరలో పెట్టాను. చెమ్మకి స్టిక్కర్ మూల లేచింది. ఆకుపచ్చ స్టిక్కర్, ‘100% వీగన్’ అని రాసి పక్కన ఆకు బొమ్మ. గోటితో లాగితే మొత్తం ఊడి వచ్చింది. దాని కింద కంపెనీ వాళ్లు అచ్చేసిన పదార్థాల పట్టిక. నీళ్లు, పామ్ కెర్నల్ నూనె, చక్కెర, ఆ తర్వాత సోడియం కేసినేట్. ఆ కింద లావు అక్షరాల్లో ‘పాలు ఉన్నాయి’ అని ఇంగ్లిషులో. సోడియం కేసినేట్ అంటే పాల ప్రొటీనే. డబ్బా ముందు ‘నాన్ డైరీ’ అని ఉన్న క్రీముల్లో కూడా ఇది ఉంటుంది, చాలామందికి తెలీదు. కంపెనీ వాళ్లు దాచలేదండీ, రాశారు. సరిగ్గా ఆ రాసిన చోటే స్టిక్కర్ అతికించింది ఈవిడ. డబ్బా మీద అంత ఖాళీ జాగా ఉండగా!

ఫోన్ చేశాను. అప్పటికి నేను అరవలేదు, నిజంగా. పొరపాటున వేరే డబ్బా పంపారేమో అనే అడిగాను.

“గ్రీన్ డాట్ ఉంది కదా మేడం, ప్యూర్ వెజ్” అంది. సిస్టర్‌ని కాస్తా మేడం అయిపోయాను. పాల ప్యాకెట్ మీదా గ్రీన్ డాటే ఉంటుంది, నెయ్యి డబ్బా మీదా ఉంటుంది, అది వెజ్ గుర్తు, వీగన్ గుర్తు కాదు అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత అంది:

“జర్రంత పాలపొడికి ఏమైతది మేడం? ఇంతమంది తింటున్నరు, మీ పిల్లకే వచ్చిందా రోగం?”

రోగమట. అయిదేళ్ల పిల్లని పట్టుకుని. స్టిక్కర్ ఎందుకు అతికించావని అడిగితే దానికి జవాబు లేదు, పిల్లకి రోగమట. నేను మళ్లీ నోరు తెరిచేలోపు ఫోన్ పెట్టేసింది. నంబర్ బ్లాక్. గ్రూపులోంచి నన్ను తీసేసింది కూడా. సాయంత్రం లైవ్‌లో మళ్లీ అవే డబ్బాలు, అదే నవ్వు అని మా పక్కింటావిడ చూపించింది. కింద కామెంట్లలో “అక్కా నాకు రెండు పెట్టండి”.

ఆ క్రీమ్ నేను ముందురోజే గిన్నెలో పోసేసి డబ్బా పారేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయి. గడియారం సెంటర్ నుంచి పెద్దాసుపత్రికి ఎంతసేపు పడుతుందని రాత్రంతా లెక్కలేసుకుంటూ పడుకున్నా.

కొనేవాళ్లకి రెండు మాటలు. ఫుడ్ సేఫ్టీ వాళ్లు 2022 నిబంధనల్లో వీగన్‌కి వేరే గుర్తు పెట్టారు. ఆకుపచ్చ గడిలో ‘వి’ అక్షరం, దాని మీద చిన్న మొలక. అది కంపెనీ లేబుల్ మీదే ఉందో లేదో చూడండి, అమ్మేవాళ్లు పైన అతికించిన స్టిక్కర్‌ని నమ్మకండి. పట్టికలో కేసినేట్, వే పౌడర్ (పాల విరుగుడు నీళ్ల పొడి), మిల్క్ సాలిడ్స్ ఉంటే వదిలేయండి. బిల్లు ఇవ్వకపోవడం, పాడైన వస్తువు వెనక్కి తీసుకోకపోవడం రెండూ 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు డబ్బు వాపసు ఇవ్వాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. ఫోన్‌పే రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు, ఊడిన స్టిక్కర్‌తో సహా డబ్బా అన్నీ దాచాను.

ఆవిడ దగ్గర కొన్నవాళ్లు ఇంకా ఉంటారు. ఫ్రీజర్లో డబ్బా ఉంటే ఇప్పుడే తీసి స్టిక్కర్ కింద ఏముందో ఫొటో పెట్టండి. ఒక్కదాన్నే వెళ్తే “ఆ మేడంకి పిచ్చి” అంటుంది, పదిమందిమి వెళ్తే ఏమంటుందో చూద్దాం.