చికాగో చలికి సెకండ్ హ్యాండ్ ఆఫీసు బట్టలు: ఏ థ్రిఫ్ట్ స్టోర్‌లో ఏం కొనాలి, ఏది వదిలేయాలి

మాల్‌లో 50 డాలర్లు పోసి కొన్న కొత్త అక్రిలిక్ స్వెటర్ కన్నా థ్రిఫ్ట్ స్టోర్‌లో 8 డాలర్లకి దొరికే పాత మెరీనో ఉన్ని స్వెటర్ వెచ్చగా ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, మీటింగులో చూడ్డానికీ బాగుంటుంది. చలికాలపు ఆఫీసు బట్టలకి సెకండ్ హ్యాండే మెరుగని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. కాటన్ చొక్కాలు, జీన్స్ కొత్తవే చవకగా వస్తాయి. మంచి ఉన్ని అలా కాదు. కొత్తది కొనాలంటే జేబుకి చిల్లు, పాతదైతే గుణం పోదు. చికాగో ఉన్న మిడ్‌వెస్ట్ ప్రాంతంలో తరతరాలుగా జనం ఉన్ని కోట్లు, ట్వీడ్ అనే దళసరి ఉన్ని గుడ్డ జాకెట్లు వాడి చివరికి విరాళంగా ఇచ్చేస్తున్నారు. అందుకే ఇక్కడి స్టోర్లలో ఆ సరుకుకి కొదవ లేదు.

ఇక్కడి చిక్కు చలి ఒక్కటే కాదు. జనవరిలో పగలు సగటున సున్నా డిగ్రీలు, రాత్రి మైనస్ 7. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో దాదాపు మైనస్ 31 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఆఫీసు లోపల మాత్రం హీటింగ్ వల్ల 21, 22 డిగ్రీలుంటుంది. ఒకే ఒక్క మందపాటి స్వెటర్ మీద ఆధారపడితే బస్టాపులో వణుకు, డెస్క్ దగ్గర చెమట. పల్చటి పొరలు మూడు నాలుగు ఉండాలి, పైవి విప్పేసినా లోపలి జత ఆఫీసుకి తగినట్టు కనపడాలి. థ్రిఫ్ట్‌లో ఏం వెతికినా ఈ లెక్కతోనే వెతకాలి.

ముందు షాపుల సంగతి. గుడ్‌విల్ 1902లో బోస్టన్‌లో మొదలైన సేవాసంస్థ. ఒక్కో ప్రాంతంలో ఒక్కో స్వతంత్ర శాఖ నడుపుతుంది కాబట్టి ధరలు, డిస్కౌంట్లు ఊరిని బట్టి మారతాయి. చాలా శాఖల్లో వారానికో రంగు ట్యాగ్‌కి సగం ధర ఉంటుంది, ఆ వారం రంగేదో లోపలికి వెళ్ళగానే కనుక్కోండి. మగవాళ్ళ బ్లేజర్లకి, ఉన్ని ప్యాంట్లకి మా మొదటి ఓటు దీనికే. ఒక లోటుంది. పేరున్న డిజైనర్ బ్రాండ్లలో కొన్నింటిని శాఖలు తమ ఆన్‌లైన్ వేలం సైట్‌కి పంపేస్తాయి, ర్యాక్ మీదికి రావు. దానికి బాధపడనక్కర్లేదు, ఆఫీసుకి కావలసింది లోగో కాదు, బట్ట.

సేవర్స్ సేవాసంస్థ కాదు, లాభాల కోసం నడిచే కంపెనీ. ధర గుడ్‌విల్ కన్నా కాస్త ఎక్కువే అనిపిస్తుంది, కానీ సైజుల వారీగా సర్ది ఉంటుంది కాబట్టి టైము కలిసొస్తుంది. ఆడవాళ్ళ ఉన్ని కోట్లకి ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. బ్రౌన్ ఎలిఫెంట్ స్టోర్లు హోవర్డ్ బ్రౌన్ హెల్త్ అనే వైద్యసంస్థవి, ఆండర్సన్‌విల్‌లోది పాత కేలో థియేటర్ భవనంలో ఉంటుంది. సరుకు తక్కువ, నాణ్యత ఎక్కువ. విలేజ్ డిస్కౌంట్‌లో ఓపికగా వెతికేవాళ్ళకి చవక బేరాలుంటాయి, తొందరలో ఉన్నవాళ్ళు వెళ్ళొద్దు. ఆన్‌లైన్‌లో థ్రెడ్‌అప్ ఆడవాళ్ళ బట్టలకి పనికొస్తుంది. కొలతలు రాసి ఉంటాయి, బట్ట రకాన్ని బట్టి వెతకొచ్చు. వాసన మాత్రం ఫొటోలో తెలీదు. అందుకని స్వెటర్లు, స్కర్టులు తెప్పించుకోండి, కోటు వద్దు.

కోవిడ్ తర్వాత కొన్ని స్టోర్లు ఫిట్టింగ్ రూములు తెరవలేదు. బిగుతైన పల్చటి టీషర్టు, లెగ్గింగ్స్ లాంటివి వేసుకెళ్తే అద్దం ముందే బ్లేజరూ కోటూ తొడిగి చూసుకోవచ్చు. ఒక కొలత టేపు జేబులో వేసుకోండి. ఇంట్లో మీకు సరిగ్గా సరిపోయే బ్లేజర్‌ని నేల మీద పరిచి, చంక నుంచి చంకకి, భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకి, భుజం నుంచి మణికట్టుకి కొలిచి ఫోన్‌లో రాసుకోండి. ట్యాగ్ మీది సైజుని నమ్మొద్దు. ఆడవాళ్ళ సైజులైతే ఏళ్ళు గడిచేకొద్దీ పెద్దవవుతూ వచ్చాయి, పాత 10 ఇప్పటి 6కి దగ్గరగా ఉండొచ్చు.

పొడవు తక్కువున్నవాళ్ళకి ఒక చిట్కా. మగవాళ్ళు అయిదడుగుల ఏడంగుళాల లోపుంటే నంబరు పక్కన ఎస్ అని ఉన్న బ్లేజర్లు చూడాలి, ఆర్ అంటే రెగ్యులర్, పొడవెక్కువ. ఆడవాళ్ళు అయిదడుగుల నాలుగంగుళాల లోపుంటే పెటీట్ అని రాసున్నవి. అవి దొరక్కపోతే మగపిల్లల సెక్షన్‌లో 18, 20 సైజులు తిరగేయండి. సన్నగా ఉన్నవాళ్ళకి ఉన్ని బ్లేజర్లు అక్కడ తక్కువ ధరకే వస్తాయి.

ర్యాక్ ముందు నిలబడ్డాక కళ్ళతో కాదు, చేత్తో వెతకాలి. కోట్ల వరస మీద చేయి పోనిస్తూ వెళ్తే ఉన్ని కాస్త గరుకుగా, బరువుగా తగులుతుంది. పాలియెస్టర్ జారిపోతుంది. చేయి ఆగినచోట లేబుల్ తీసి చదవండి. అమెరికాలో ఏ పీచు ఎంత శాతమో బట్ట మీద రాయడం చట్టప్రకారం తప్పనిసరి, ఉన్నికి ఆ చట్టం 1940లోనే వచ్చింది. కోటుకి 70 నుంచి 80 శాతం ఉన్ని, మిగతాది నైలాన్ అయితే చాలా మంచిది, నైలాన్ అరుగుదలని ఆపుతుంది. ఉన్ని సగానికి తగ్గితే వదిలేయండి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, మంచులో నడిచి వచ్చాక కూడా వెచ్చగానే ఉంటుంది. తడిసిన కాటన్ ఒంటిని చల్లబరుస్తుంది.

కొన్ని లేబుళ్ళు చూస్తే ఆగాల్సిందే. హార్ట్ షాఫ్నర్ మార్క్స్ సూట్లు ఇక్కడి శివారు డెస్ ప్లెయిన్స్‌లోనే కుట్టేవాళ్ళు, చికాగో స్టోర్లలో తరచుగా కనపడతాయి. పెండిల్‌టన్, ఉల్రిచ్ పాత సరుకు దిట్టంగా ఉంటుంది. లాండ్స్ ఎండ్, ఎల్.ఎల్.బీన్ స్వెటర్లు, టాల్బాట్స్ ఉన్ని స్కర్టులు నమ్మకమైనవి. లోపలి జేబు దగ్గర భూగోళం, దాని మీద శిలువ ముద్ర ఉన్న లేబుల్ కనపడితే అది హారిస్ ట్వీడ్. స్కాట్లండ్ పడమటి దీవుల్లో నేతగాళ్ళు ఇళ్ళల్లో మగ్గం మీద నేసిన ఉన్ని గుడ్డకే ఆ ముద్ర వేస్తారు, 1993లో దానికి చట్టరక్షణ కూడా వచ్చింది. సాలెల మగ్గం చప్పుడు తెలిసిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆ నేతని వెలుతురులో ఓసారి దగ్గరగా చూడండి. దూరానికి గోధుమరంగు అనిపించే గుడ్డలో ఆకుపచ్చ, నారింజ, నీలం పోగులు కనపడతాయి. అందుకే దాని పక్కన ఏ రంగు చొక్కా వేసినా కుదురుతుంది.

లేబుల్ బాగుంటే సరిపోదు. కోటుని ట్యూబ్‌లైట్ కేసి ఎత్తి పట్టుకుని చూస్తే చిమ్మట కొట్టిన చిల్లులు నక్షత్రాల్లా మెరుస్తాయి. కాలర్ కింద, చంకల్లో, జేబుల మూలల్లో పురుగు మొదలవుతుంది. ఒక చిన్న చిల్లయితే రఫ్ఫు చేయించొచ్చు, రెండుమూడు చోట్లుంటే ముట్టుకోవద్దు. తర్వాత చంకల దగ్గర లైనింగ్ చూడండి. కుట్టు ఊడితే పది నిమిషాల సూదిపని. గుడ్డే చిరిగితే కొత్త లైనింగ్ ఖర్చు కోటు ధరని మించిపోతుంది. చివరికి వాసన. మామూలు పాత వాసన, నాఫ్తలీన్ వాసన గాలికి ఆరేస్తే తగ్గుతుంది. సిగరెట్ వాసన లైనింగ్ లోపలి పొరల్లోకి పోయుంటుంది, వదలదు.

ఆల్టరేషన్ దగ్గర కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు. బ్లేజర్ భుజం సరిపోకపోతే కొనొద్దు. భుజం మార్చడమంటే జాకెట్ మొత్తం విప్పి మళ్ళీ కుట్టడమే. చేతి పొడవు తగ్గించొచ్చు, కానీ చేతి చివర గుండీలు నిజంగా తెరుచుకునేవైతే కింద నుంచి కుదరదు. ప్యాంటు నడుము వదులు చేయించాలంటే వెనక మధ్య కుట్టు లోపల ఎంత గుడ్డ వదిలారో తిప్పి చూడండి, మగవాళ్ళ ప్యాంట్లలో సాధారణంగా ఒకటిన్నర అంగుళం దాకా దొరుకుతుంది. 1980ల నాటి ఆడవాళ్ళ కోట్లలో పెద్ద భుజం ప్యాడ్లుంటాయి. తీసేస్తే సరిపోతుందనుకుంటారు, తీశాక భుజం వేలాడుతుంది.

స్వెటర్లలో ఒక దొంగ రకం ఉంది. లేబుల్ మీద మెరీనో, కాశ్మీర్ అని ఉంటుంది, ముట్టుకుంటే దళసరిగా బాగుంటుంది, వేసుకుంటే చేతులు పొట్టి. పాత ఓనరు వేడినీళ్ళలో మెషీన్‌కి వేసేశాడన్నమాట. ఉన్ని పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని అట్టకట్టేస్తాయి, అల్లిక గళ్ళు విడిగా కనపడవు. అది ఇక బాగుపడదు. మంచి స్వెటర్‌ని అంచు దగ్గర కొంచెం సాగదీసి వదిలితే వెంటనే వెనక్కి వస్తుంది. పైన ఉండలు కట్టి ఉంటే భయపడకండి, ఉండలు తీసే చిన్న మెషీన్‌తో పోతాయి.

ఇక జత కట్టడం. మగవాళ్ళకి లోపల కొత్త థర్మల్, దాని మీద ఆక్స్‌ఫర్డ్ కాటన్ చొక్కా, పల్చటి వి-మెడ మెరీనో స్వెటర్, బూడిదరంగు ఫ్లానెల్ ప్యాంటు, ట్వీడ్ బ్లేజర్, పైన మోకాలి దాకా ఉన్ని కోటు. లోపలి బట్టలు, సాక్స్, థర్మల్స్ సెకండ్ హ్యాండ్‌లో కొనకండి. కోటు ట్రై చేసేటప్పుడు లోపల బ్లేజర్ వేసుకునే ఉండాలి. రెండు చేతులూ ముందుకు చాచి కౌగిలించుకున్నట్టు కట్టుకోండి, వీపు దగ్గర బిగిస్తే ఒక సైజు పైకి వెళ్ళండి. కోటు కింద నుంచి బ్లేజర్ తొంగి చూడకూడదు.

ఆడవాళ్ళకి పల్చటి టర్టిల్‌నెక్, లైనింగ్ ఉన్న ఉన్ని ప్యాంటు, నడుము దగ్గర కుదురుగా ఉండే ఉన్ని బ్లేజర్ అయితే ఎక్కడికైనా సరిపోతుంది. స్కర్టయితే మోకాలు దాటిన ఉన్ని స్కర్టు, లోపల ఫ్లీస్ టైట్స్. కుర్తీ వదలనివాళ్ళు తుంటి దాకా వచ్చే కుర్తీని ఉన్ని ప్యాంటు మీద వేసి, పైన మెరీనో కార్డిగన్ తొడిగితే చాలా అందంగా ఉంటుంది. కోటు మాత్రం కుర్తీ కన్నా పొడవుండాలి, లేకపోతే కింద వేలాడే అంచు మంచులో నాని ముద్దవుతుంది. కోటు, ప్యాంట్లు బూడిద, నేవీ, ఒంటె రంగుల్లో ఉంచి, పసుపు, వంకాయ, నెమలికంఠం రంగుల్ని స్వెటర్‌కి, స్కార్ఫ్‌కి పెట్టండి. ఇంటి నుంచి తెచ్చుకున్న శాలువా వేసవిలో ఆఫీసు ఏసీ కింద కూర్చున్నా, చలిలో మెడకి చుట్టినా బంగారం.

మైనస్ 15 దాటిన రోజుల్లో రైలు ప్లాట్‌ఫాం మీద నిలబడాలంటే ఉన్ని కోటు చాలదు. లోపల మెత్తటి పక్షి ఈకలు నింపిన డౌన్ జాకెట్ కావాలి, థ్రిఫ్ట్‌లో కొనడానికి అది కష్టమైన వస్తువు. లోపలి ఈకలు గడ్డకట్టాయేమో గళ్ళు గళ్ళుగా నొక్కి చూడండి, పిడికిట్లో నలిపి వదిలితే మెల్లగా ఉబ్బాలి. చెమ్మ వాసనొస్తే లోపల నాని కుళ్ళినట్టే. నిలువునా బాగున్నది కనపడకపోతే దీన్నొక్కదాన్నీ సీజన్ చివర్లో కొత్తది కొనుక్కోండి.

బూట్లలో మోసం కంటికి కనపడదు. చాలా ఏళ్ళు డబ్బాలో మూలపడిన పాలీయురేథేన్ అరికాళ్ళు గాల్లో తేమకే విరిగి పొడవుతాయి. కొనేముందు బూటుని బాగా వంచి చూడండి, పగుళ్ళు కనపడితే పక్కన పెట్టేయండి. అరికాలు కుట్టిన రెడ్ వింగ్, ఆలెన్ ఎడ్మండ్స్ బూట్లు దొరికితే పైతోలు చూడండి, అడుగు అరిగినా మళ్ళీ వేయించుకోవచ్చు. రోడ్డు ఉప్పు తెల్లమరకలకి నీళ్ళూ వెనిగరూ సమంగా కలిపి గుడ్డతో తుడిస్తే చాలు.

ఎవరో వేసుకున్న బట్టలని మన ఇళ్ళల్లో చాలామంది వెనకాడతారు. ఆ సంకోచం అర్థం చేసుకోదగ్గదే, దానికి జవాబు శుభ్రత. తెచ్చిన సంచిని మంచం మీద పెట్టకండి. కాటన్, పాలియెస్టర్ బట్టల్ని ఉతక్కముందే డ్రయ్యర్‌లో హై మీద అరగంట తిప్పితే నల్లులుంటే చస్తాయి. ఉన్ని స్వెటర్లని కవర్లో గాలి పోకుండా కట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో పెట్టండి, చిమ్మట గుడ్లు కూడా మిగలవు. తర్వాత చన్నీళ్ళలో కొంచెం బేబీ షాంపూ వేసి పదిహేను నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరేయండి. హ్యాంగర్‌కి తగిలిస్తే బరువుకి సాగిపోతుంది. కోటు, బ్లేజర్లు డ్రైక్లీనింగ్‌కే. ఆ ఖర్చు ఒక్కోసారి కోటు ధర అంత ఉంటుంది, కొనేటప్పుడే కలుపుకుని లెక్కేసుకోండి.

ఆగస్టులో చదువుకి దిగేవాళ్ళు నవంబర్ దాకా ఆగకండి. సెప్టెంబర్‌లో కోట్లు ర్యాక్ మీదికి రాగానే సైజులన్నీ ఉంటాయి, మొదటి మంచు పడ్డాక చిన్న సైజులు కనపడవు. అప్పటికి తప్పిపోతే జనవరి మొదటి వారాల్లో వెళ్ళండి, పన్ను మినహాయింపు కోసం డిసెంబర్ 31 లోపు జనం ఇచ్చిన సరుకు అప్పుడే బయటికొస్తుంది. వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే, ఆ రోజు బండి మీద తోసుకొచ్చే కొత్త సరుకు మీ చేతికే మొదట తగులుతుంది.