జాగ్రత్త: 649 రూపాయలకు హంగర్ గేమ్స్ ఐదు పుస్తకాల సెట్ తెప్పిస్తున్నరా?

హంగర్ గేమ్స్ అంటే డిస్ట్రిక్టుల నుంచి పట్టుకొచ్చిన పిల్లలను ఒక్కరు మిగిలేదాక కొట్లాడించే ఆటల మీద రాసిన ఇంగ్లిష్ నవలలు. రీల్స్‌ల తిరుగుతున్న వీటి 'కంప్లీట్ సెట్' యాడ్ చూసి పైసలు కొట్టేటోళ్లు ఒక్క నిమిషం ఆగుండ్రి. ఐదు పుస్తకాలు 649, డెలివరీ ఫ్రీ అని ఉంటది. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు అడిగితే తెప్పించిన. నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల షాపులల్ల గైడ్లు, గ్రూప్స్ మెటీరియల్ దొరికినంత సులువుగ గిసుంటి పుస్తకాలు దొరకవు. అందుకే మనోళ్లు ఫోన్ మీదనే పడతరు. ఆ యాడ్ పేజీ నడిపేటోళ్లకు గీ సంగతి బాగనే తెలిసినట్టున్నది.

వచ్చినవి పైరేటెడ్ కాపీలు. అట్టలు తళతళ మెరుస్తున్నయి, లోపల కాగితం మాత్రం వెనక పేజీ అక్షరాలు ఇటు కనవడేంత పల్చగ ఉన్నది. కాగితం పల్చగుంటే సర్దుకోవచ్చు. కథే లేకపోతే ఏం చేస్తం?

(మొదటి భాగం చదవనోళ్లు ఈ ఒక్క పేరా దాటేయుండ్రి.) పదిహేడో చాప్టర్ చివర్ల రూ అనే పన్నెండేండ్ల పిల్ల వలల చిక్కుకుంటది, ఈటె దిగుతది. పేజీ తిప్పితే పందొమ్మిదో చాప్టర్! పద్దెనిమిది మొత్తం గాయబ్. కథానాయిక కాట్నిస్ ఆ పిల్లకు పాడిన పాట లేదు, పేర్చిన పూలు లేవు, రూ సొంత పదకొండో డిస్ట్రిక్ట్ పేదోళ్లు పంపిన రొట్టె లేదు. నన్నడిగితే ఆ పుస్తకానికి పానం అక్కడనే ఉన్నది. పైగ ఒకే డిస్ట్రిక్ట్ వాళ్లు ఇద్దరూ గెలవొచ్చని రూల్ మార్చేది కూడ ఆ చాప్టర్ల్నే. అది తెలువకుంటే కాట్నిస్ ఉన్నట్టుండి తన డిస్ట్రిక్ట్ పిల్లగాడు పీటాను ఎందుకు వెతుకుతున్నదో ఎవలికి సమజైతది? "మామా, రూ బతికిందా లేదా?" అని మా పిల్ల రాత్రి పదింటికి ఫోన్ చేసింది.

రెండో భాగం, అంటే క్యాచింగ్ ఫైర్, స్కాన్ చేసి అక్షరాలు కంప్యూటర్‌తోని గుంజినట్టున్నది. ఇంగ్లిష్ ఆర్, ఎన్ పక్కపక్కన వచ్చిన చాలా కాడ రెండూ కలిసి ఎమ్ అయినయి. 'బర్న్' ఉండాల్సిన కాడ 'బమ్'. పేరులనే నిప్పున్న పుస్తకానికి గిదేం గతి!

సెట్ మీద వేసిన అంకెలు కూడ నమ్మకుండ్రి. రచయిత్రి సుజాన్ కాలిన్స్ అసలు మూడు భాగాలు 2008, 2009, 2010ల వచ్చినయి. ఆ దేశ అధ్యక్షుడు స్నో పడుచుతనం, 10వ ఆటల కథ 2020ల, కాట్నిస్‌కు ఆట నేర్పే హేమిచ్ ఆడిన 50వ ఆటల కథ 2025ల వచ్చినయి. వీళ్లేమో ఈ వెనకటి కథలు రెండిటికీ 1, 2 అని నంబర్లు కొట్టిండ్రు. అట్ల చదివితే తాగుబోతు హేమిచ్ ఎందుకట్ల తయారైండో మొదటి పుస్తకం తెరవకముందే తెలిసిపోతది. వచ్చిన వరుసల్నే చదువుండ్రి.

ఇప్పటికే తెప్పించినోళ్లు చాప్టర్లు లెక్కపెట్టుకోండ్రి. మొదటి మూడు పుస్తకాలల్ల ఒక్కోదానికి మూడు భాగాలు, భాగానికి తొమ్మిది చొప్పున 27 చాప్టర్లు ఉండాలె. వెనకట్ట మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబర్) పుస్తకం పుస్తకానికి మారాలె, మాకు ఐదింటి మీదా ఒకటే నంబర్! కాపీరైట్ పేజీ అయితే లేనే లేదు. ఇంకా కొననోళ్లు ముందుగాల ఆ పేజీ ఫొటో అడగండ్రి. 'ఫస్ట్ కాపీ', 'ఏ1 క్వాలిటీ' అని దొంగ కాపీలకు పెట్టే పేర్లు వినవడితే అక్కడికే ఆపేయుండ్రి.

పేజీలు లేవని ఫొటోలు పంపితే, "ఈ రేటుకు ప్రింట్ ఇట్లనే ఉంటది బ్రో, అన్‌బాక్సింగ్ వీడియో ఉందా?" అని జవాబు. నడుమ చాప్టర్ లేదని అన్‌బాక్సింగ్ వీడియోల ఎట్ల కనవడుతదో వాళ్లకే ఎరుక. మళ్ల అడిగితే బ్లాక్ చేసిండ్రు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చిన. జిల్లా వినియోగదారుల కమిషన్‌ల 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. కాకపోతే అమ్మినోని పేరు, అడ్రస్ లేకుండ కేసు నడిపించుడు కష్టం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌ల అమ్మేటోళ్లు అవి చూపెట్టాలె, ఈ పేజీల మాత్రం ఒక యూపీఐ ఐడీ తప్ప ఏమీ లేదు. అందుకని ఆ ఐడీ, చాట్, పార్సిల్ మీద చిట్టీ పారేయకుండ్రి. పార్సిల్ పంపిన ఊరు దాని మీదనే దొరకొచ్చు.

హైదరాబాద్ పోయే పని ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూడండ్రి. ఆడ కూడ దొంగ కాపీలు ఉంటయి, గని చేతిల పట్టుకొని పేజీలు తిప్పి చూసుకోవచ్చు. మా పిల్లకు మొదటి భాగం పాతదే అయినా అసలుది ఆడనే దొరికింది. మిగతావి బుక్ ఫెయిర్‌ల చూస్తం. 649 ఇంకా వాపస్ రాలేదు. ఫిర్యాదు మీద ఏమన్న కదిలితే ఈడనే రాస్త.