నిరాకరణ పద్ధతా, ఆమోద పద్ధతా?

బ్రిటన్‌లో ఒక చట్టం మంత్రికి నిబంధనలు చేసే అధికారం ఇచ్చేటప్పుడు, వాటిని పార్లమెంటు ఎలా పరిశీలించాలన్నది కూడా తేల్చాలి.

నిరాకరణ పద్ధతిలో, సాధారణంగా 40 రోజుల్లోగా ఏ సభా రద్దు చేయకపోతే నిబంధన కొనసాగుతుంది. ఆమోద పద్ధతిలో సభల అంగీకారం తప్పనిసరి.

మొదటిదానికి సభాసమయం దాదాపు అక్కర్లేదు; రెండోదానికి చర్చ తప్పదు.

ముప్పు మొదటిదానిలోనే ఎక్కువ. రద్దు తీర్మానానికి సమయం కేటాయించడం చాలావరకు ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది కనుక, కామన్స్ సభ ఈ మార్గంలో చివరిసారి ఒక ఉత్తర్వును రద్దు చేసింది 1979లో, కిరోసిన్ ధరల విషయంలో; ఇంత అరుదైన అదుపును అదుపనడానికి నాకు మనసొప్పదు. పైగా రెండింటిలోనూ సవరణకు సాధారణంగా వీలుండదు.

ఫారాల మార్పు వంటి రోజువారీ విషయాలకు మొదటిది చాలు. చట్టాన్నే మార్చే అధికారమైతే రెండోదే ఉండాలి.