రక్తాన్ని వేడి చేయడమా, పొట్టలో వేడి మందా?

గుంటూరు కొత్తపేట ఆస్పత్రుల దగ్గర క్యాన్సర్ పేషెంట్ల బంధువులు వేడితో చేసే ఈ రెండు చికిత్సల్నీ కలిపేసి మాట్లాడుకోవడం విన్నాను. రెండింట్లోనూ వేడి ఉంది గానీ, పొంతన తక్కువ.

మొదటి పద్ధతిలో పెద్ద రక్తనాళంలో గొట్టం వేసి, రక్తాన్ని బయటికి తీసి, యంత్రంలో వేడి చేసి మళ్లీ లోపలికి పంపుతారు. ఒళ్లంతా దాదాపు 42 డిగ్రీలకు చేరుతుంది. రోహిణి కార్తెలో వడదెబ్బకి మనుషులు ఎలా పడిపోతారో మనకు తెలుసు. గుండె, కాలేయం, మెదడు అన్నీ ఆ వేడిని తట్టుకోవాలి. 1990లో అట్లాంటాలో ఒక ఎయిడ్స్ రోగికి ఇలా చేస్తే పెద్ద ఆశే పుట్టింది. అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు పరిశీలించి, మేలు జరిగిందనడానికి ఆధారం లేదన్నారు.

రెండోది హైపెక్ (HIPEC), అంటే పొట్టలో వేడి మందు తిప్పడం. కంటికి కనిపించే గడ్డలన్నీ తీసేశాక, అదే ఆపరేషన్‌లో, 41-43 డిగ్రీల కీమో మందును గంట, గంటన్నర పొట్టలో తిప్పి తీసేస్తారు. ఆపరేషన్ పెద్దదే, కోలుకోవడం కష్టమే. కానీ 2018 నాటి నెదర్లాండ్స్ పరీక్షలో మూడో దశ అండాశయ క్యాన్సర్ రోగుల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) హైపెక్ లేకుండా ఆపరేషన్ చేస్తే 33.9 నెలలు, హైపెక్ కలిపితే 45.7 నెలలు.

అందుకే మొదటిదాని కోసం పొలం అమ్ముకోవద్దనే చెప్తాను. రెండోదాని గురించి మాత్రం ఆంకాలజిస్ట్‌ని, అంటే క్యాన్సర్ డాక్టర్‌ని, మొహమాటపడకుండా అడగండి.