కళాకారులకి సాయం: సన్మానమా, నెలనెలా వేతనమా, వరుస ప్రదర్శనలా?

విజయవాడలోనో గుంటూరులోనో చిన్న ట్రస్టు నడుపుతున్నారు, చేతిలో మూడు లక్షలున్నాయి, మన జిల్లాల రంగస్థల, జానపద కళాకారులకి ఖర్చు పెట్టాలనుకుంటున్నారు. ఇలాంటప్పుడు అందరికీ ముందు తట్టేది సన్మానసభే. నా ఓటు మాత్రం దానికి కాదు, ఎందుకో చెప్తాను.

సన్మానాన్ని నేను కొట్టిపారేయడం లేదు. డెబ్భై దాటిన పద్యనటుడికి విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నలుగురి మధ్య గౌరవం జరిగితే ఇంట్లోవాళ్లూ ఊళ్లోవాళ్లూ ఆయన్ని చూసే తీరు మారుతుంది, ఆ విలువ నాకు తెలుసు. కానీ హాలు అద్దె, మైకు, ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు, భోజనాలు పోను ఆయన చేతిలో పడేది ఎంతో ఒకసారి కాగితం మీద వేసుకోండి. పైగా మర్నాడు ఆయనకి మళ్లీ పని ఉండదు. పెద్దవాళ్లకి నిజంగా అక్కరకొచ్చేది ఇంకోటుంది. అరవై దాటి ఆదాయం తక్కువున్న కళాకారులకి కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకి 6,000 రూపాయల వరకు ఇస్తుంది. ఆ దరఖాస్తు నింపి, ఆదాయ ధ్రువపత్రం తెప్పించి, పాత కరపత్రాలు వెతికి జత చేసి, జవాబు వచ్చేదాకా వెంటపడే మనిషిని మీ సంస్థ పెడితే చాలు. ఖర్చు తక్కువ, ఫలితం నెలనెలా.

నాటక పోటీల గురించి ఒక్క మాట. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైన నేల మనది, పరిషత్తు పోటీలు నాటకాన్ని బతికించాయి. అయితే బహుమతి గెలిచేది ఒకటి రెండు నాటక సమాజాలే, రిహార్సళ్ల ఖర్చు మాత్రం అందరిదీ. కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నా.

ఇక నెల వేతనం. మూడు లక్షలంటే ఇద్దరు యువకళాకారులకి నెలకి 12,500 చొప్పున ఏడాది. నేర్చుకునే వయసులో ఉన్నవాళ్లకి ఇంతకు మించిన సాయం లేదు, ముఖ్యంగా పద్యనాటకానికి హార్మోనియం వాయించేవాళ్లకి, ఎందుకంటే నటుడి శ్రుతి, రాగం ఎరిగి పక్కనుండి నడిపించే హార్మోనిస్టు ఒక్క ఏడాదిలో తయారవడు. చిక్కంతా అక్కడే ఉంది. కనీసం రెండు మూడేళ్లు ఇవ్వగలిగితేనే దీన్ని మొదలుపెట్టాలి. దాతలు తగ్గారని మధ్యలో ఆపేస్తే, ఉన్న ఉద్యోగం మానుకుని వచ్చిన పిల్లాడు రోడ్డున పడతాడు, అది అసలు సాయం చేయకపోవడం కన్నా అన్యాయం.

అందుకే చిన్న సంస్థకి వరుస ప్రదర్శనలే మేలంటాను. బుర్రకథ దళం తీసుకోండి: తంబురాతో కథకుడు, డక్కీలనే వాద్యాలతో రెండు పక్కలా వంతలు, అంటే వంత పాడేవాళ్లు, మొత్తం ముగ్గురు. పారితోషికం, సౌండు, ప్రయాణం కలిపి ఒక్కో ప్రదర్శనకి 15,000 అనుకుంటే మూడు లక్షలకి ఇరవై ఊళ్లు. స్కూలు ఆవరణలోనో గుడి మండపంలోనో పెడితే హాలు అద్దె ఉండదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్‌కి పద్మశ్రీ వచ్చింది 1986లో. ఆయన్ని జనంలోకి తీసుకెళ్లింది అంతకు నలభై ఏళ్ల ముందు వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలితో ఊరూరా చెప్పిన కథలు.

అయితే ప్రదర్శనలు ఇప్పించాం అంటే సరిపోదు, ఎలా ఇప్పించామన్నదే ముఖ్యం. పారితోషికం ముందే కాగితం మీద రాయండి, సగం అడ్వాన్సు ఇవ్వండి. డబ్బంతా సమాజం పెద్ద చేతిలో పెట్టకుండా తబలా వాయించేవాళ్లకీ మేకప్ చేసేవాళ్లకీ ఎవరి వాటా వాళ్ల ఖాతాలోనే వేయండి. "మీకు వేదిక ఇస్తున్నాం కదా" అని ఉచితంగా ఆడించడం మాత్రం దయచేసి వద్దు. తేదీలు కూడా చూసుకోవాలి: శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లు, దసరాకి నవరాత్రులు ఉండనే ఉన్నాయి, అప్పుడు వాళ్లకి ఎలాగూ పిలుపులుంటాయి. పెళ్లిళ్లూ జాతర్లూ లేని ఆషాఢంలో, వానల్లో మీరు పిలవండి, ఇల్లు గడవక టెన్షన్ పడేది ఆ నెలల్లోనే.

కంపెనీలనీ అడగొచ్చు. అయిదు కోట్లు, ఆపైన నికరలాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి, ఆ జాబితాలో సంప్రదాయ కళలూ ఉన్నాయి. వాళ్లకి ఫోటోలు కావాలి, అందులో తప్పేం లేదు, ఇరవై ఊళ్లలో జనం మధ్య తీసిన ఫోటోలు ఇవ్వండి.

ప్రతి దళానికీ ఒక్క మంచి వీడియో మాత్రం తప్పకుండా తీయించండి, వచ్చే ఏడాది వేరే ఊరి కమిటీవాళ్లు ముందు అడిగేది "వాట్సాప్‌లో వీడియో పెట్టండి" అనే. మూడు లక్షలు లేవు, యాభై వేలే ఉన్నాయంటారా, మూడు ప్రదర్శనలు పెట్టి మిగిలిన అయిదు వేలూ ఆ వీడియోకి ఇవ్వండి.